మందమర్రి మాటల్లో అరబ్బీ ధాతువులు

సింగరేణి బొగ్గు గనులున్న మందమర్రిలో ఏ కార్మికుడి ఇంట్లో కాసేపు కూర్చున్నా ‘వారసత్వ ఉద్యోగం’ అన్న మాట చెవిన పడుతుంది. తండ్రి బాయిలో, అంటే బొగ్గు గనిలో, పనిచేసి ఒళ్ళు సహకరించక దిగిపోతే ఆ కొలువు కొడుక్కి రావాలన్నది సింగరేణి కుటుంబాలు దశాబ్దాలుగా అడుగుతున్న కోరిక. దానికోసం సమ్మెలు జరిగాయి, ఎన్నికల హామీలు పుట్టాయి, కోర్టులో వాదనలు నడిచాయి. కాగితాల మీద ఇప్పుడు దాని పేరు కారుణ్య నియామకం. కాలనీల్లో మాత్రం ఇంకా వారసత్వమే.

ఆ మాటను విప్పి చూడండి. చివరనున్న ‘త్వం’ సంస్కృత ప్రత్యయం. ముందున్న ‘వారసు’ మాత్రం అరబ్బీ. అరబ్బీలో ‘వారిథ్’ అంటే చనిపోయినవాడి ఆస్తికి హక్కుదారు. చివరి ధ్వని మన థకారం కాదు. నాలుక కొసను పళ్ళ మధ్య ఉంచి గాలి వదిలితే వచ్చేది. వ, ర, థ అనే మూడు హల్లులు ఆ మాటకు మూలం. ఇదే మూలం నుంచి అరబ్బీలో ‘మీరాథ్’ అనే ఇంకో మాట పుట్టింది, వారసత్వంగా వచ్చిన ఆస్తి అని అర్థం. అది తెలుగులో ‘మిరాసీ’ అయింది. తిరుమల ఆలయంలో అర్చకుల వంశపారంపర్య హక్కుకు ఉన్న పేరు అదే. 1987 నాటి దేవాదాయ చట్టం రద్దు చేసింది ఆ మిరాసీనే. బొగ్గుగనిలో వారసత్వం, గుడిలో మిరాసీ ఒకే మూడు హల్లుల సంతానం. తెలుగు చెవికి ఆ చుట్టరికం వినిపించదు. ఎందుకు వినిపించదన్న ప్రశ్నకు జవాబు వెతికితే రెండు భాషలూ ఎంత వేరుగా నడుస్తాయో తెలుస్తుంది.

ముందుగా, తెలుగుకూ అరబ్బీకీ రక్తసంబంధం లేదు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబానికి చెందినదని మద్రాసులో కలెక్టరుగా ఉన్న ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ 1816లోనే ఆధారాలతో చూపించాడు. ఆ కుటుంబాన్ని చూడటానికి మందమర్రి వాళ్ళు మద్రాసు దాకా పోనక్కర్లేదు. ఉత్తరంగా ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు వెళితే గోండి వినిపిస్తుంది. మనకు ‘ఏరు’ అంటే పారే నీరు, గోండిలో ‘ఏర్’ అంటే నీళ్ళు. మన ‘చేయి’ అక్కడ ‘కై’. ద్రావిడ భాషల్లో గోండి తెలుగుకు చాలా దగ్గరి బంధువు. అరబ్బీ బంధువులు హీబ్రూ, అరమాయిక్, ఇథియోపియాలోని అమ్హారిక్. అరబ్బీ ‘సలాం’ హీబ్రూలో ‘షాలోమ్’, అరబ్బీ ‘బైత్’ హీబ్రూలో ‘బయిత్’, అంటే ఇల్లు. ఇవి సెమిటిక్ భాషలు. ద్రావిడానికీ సెమిటిక్‌కీ ఉమ్మడి పూర్వీకురాలిని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు.

అసలు తేడా మాట తయారయ్యే పద్ధతిలో ఉంది. తెలుగులో మాట తోకవైపు పెరుగుతుంది. ‘దిగు’ తీసుకుందాం. దిగాడు, దిగుతాడు, దిగలేదు, దిగనివ్వలేదు, దిగనివ్వకపోతే, దిగనివ్వకపోయినప్పటికీ. ఎంత పొడుగు సాగినా మొదట్లో ‘దిగ్’ అలాగే కూర్చుని ఉంటుంది. కాలం, వ్యతిరేకం, అనుమతి, షరతు అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరతాయి. గనిలో టబ్బు వెనక టబ్బు తగిలించినట్టే.

అరబ్బీలో మార్పు మాట కడుపులో జరుగుతుంది. క, త, బ అన్న మూడు హల్లులకు రాయడం అనే భావం అంటిపెట్టుకుని ఉంటుంది. వాటి మధ్య అచ్చులు మార్చితే మాటలు పుడతాయి. ‘కతబ’ రాశాడు. ‘కాతిబ్’ రాసేవాడు. ‘కితాబ్’ పుస్తకం, ‘కుతుబ్’ పుస్తకాలు. ‘మక్తూబ్’ రాయబడినది. ‘మక్తబ్’ రాసే చోటు, అంటే ఆఫీసు. హల్లులు విషయాన్ని చెబుతాయి, అచ్చుల అమరిక ఆ విషయంతో ఎవరికేం సంబంధమో చెబుతుంది. ముందూ వెనకా అతికించడం అరబ్బీకి తెలియదని కాదు. ‘ఫ-స-యక్తుబూనహా’ అన్న ఒక్క మాటకు ‘అయితే వాళ్ళు దాన్ని రాస్తారు’ అని అర్థం. కానీ దాని గుండెలో ఆ మూడు హల్లులే కొట్టుకుంటూ ఉంటాయి.

అదే పని తెలుగులో చేసి చూడండి. క, ల అనే హల్లులు పెట్టుకుని అచ్చులు మార్చండి: కల, కాలు, కీలు, కూలి, కోల. వీటికి ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేదు. తెలుగులో అచ్చు మారితే మాటే మారిపోతుంది, అరబ్బీలో అచ్చు మారినా కుటుంబం మారదు. రెండు లిపుల స్వభావం కూడా ఇక్కడే తేలిపోయింది. కుడి నుంచి ఎడమకు రాసే అరబ్బీ లిపిలో 28 అక్షరాలుంటాయి, మామూలు రాతలో హ్రస్వాచ్చులు రాయరు. పత్రికలో ‘క్‌త్‌బ్’ అన్న మూడు అక్షరాలు కనిపిస్తే అది ‘కతబ’నో ‘కుతుబ్’నో చదివేవాడు వాక్యాన్ని బట్టి పట్టుకుంటాడు. ధాతువు తెలుసు కాబట్టి దారి తప్పడు. తెలుగులో అచ్చులన్నీ వదిలేసి రాస్తే కూలి, కాలు, కల అన్నీ ఒకే ముద్దగా కనిపిస్తాయి. అందుకే మనకు గుణింతం లేనిదే పూట గడవదు. ఒకటో తరగతి పిల్లవాడు నెలల తరబడి క, కా, కి, కీ అని వల్లె వేయడం వెనక ఉన్న కారణం ఇదే.

ఇప్పుడు వారసు, మిరాసీల దగ్గరికి రావచ్చు. తెలుగు అరబ్బీ మాటల్ని తీసుకుంది గాని వాటిని పుట్టించే యంత్రాన్ని తీసుకోలేదు. దాంతో ఒకే ధాతువు పిల్లలు తెలుగులో ఒకరినొకరు గుర్తుపట్టని పరాయివాళ్ళయ్యారు. ‘అమలు’, ‘మామూలు’ ఒకే ధాతువువి. చేయడం దాని అర్థం. ‘నజర్’ అంటే చూపు, ‘మంజూరు’ అంటే చూడబడినది. మొదటిది దిష్టి తగిలే చూపుగా, రెండోది సెలవుచీటీ మీద సంతకంగా స్థిరపడ్డాయి. ‘ఫసలు’ పంట, ‘ఫైసలా’ తీర్పు; విడదీయడమన్న భావం రెండిటికీ మూలం, ఒకటి ఏడాదిని విడదీస్తే ఇంకొకటి తగవును విడదీస్తుంది. ‘జప్తు’, ‘మజ్‌బూతు’ రెండిట్లోనూ ఉన్నది గట్టిగా పట్టుకోవడమే. ‘నాయబ్ తహసీల్దార్’లోని నాయబ్ అంటే బదులుగా పనిచేసేవాడు, దాని బహువచన రూపమే ‘నవాబు’. అంటే పుట్టుకలో నవాబు కూడా ఎవరికో ప్రతినిధే.

నన్ను బాగా ఆకట్టుకునేది మరొకటి. ధాతువులు మరిచిపోయినా వాటిని పోసిన మూసలు తెలుగులో చాలావరకు మిగిలాయి. హాజరు, దాఖలు, వారసు, నాజరు, ఖాయం. మొదటి హల్లు మీద ‘ఆ’ ఉందా? అరబ్బీలో అది పని చేసేవాణ్ని సూచించే మూస. మంజూరు, మామూలు, మహసూలు, మషూరు. ముందు ‘మ’, మధ్యలో ‘ఊ’. అది పని జరిగిన వస్తువును సూచించే మూస. ఇంకో పద్ధతి కూడా కనిపిస్తుంది. అరబ్బీ ‘హాదిర్’, ‘దాఖిల్’, ‘వారిథ్’లలో రెండో అచ్చు ‘ఇ’. తెలుగు దాన్ని ‘అ’ చేసి చివర ‘ఉ’ తగిలించింది. హల్లుతో ఆగిపోవడం తెలుగుకు పడదు. ‘రద్ద్’ రద్దు అయింది, ‘హక్క్’ హక్కు అయింది. ఈ రెండు మాటల్లో ద్విత్వం చెదరలేదంటే, ద్విత్వాన్ని పలికే అలవాటు ఇద్దరికీ ఉండటమే కారణం.

ధ్వనుల దగ్గర మాత్రం పెద్ద నష్టం జరిగింది. జమ, జిమ్మా, ఇజ్జతు, హాజరు, మంజూరు అన్న అయిదు మాటల్లోని ‘జ’ అరబ్బీలో అయిదు వేరువేరు అక్షరాలు. ఉర్దూ బడిలో చదివినవాళ్ళకు వాటి పేర్లు తెలుసు: జీమ్, జాల్, జే, జ్వాద్, జోయ్. గ్రాంథిక అరబ్బీలో ఈ అయిదూ అయిదు రకాలుగా పలుకుతాయి. జ్వాద్‌ని అరబ్బులు బరువైన దకారంలా పలుకుతారు, అందుకే వాళ్ళకు ‘హాదిర్’. మరి మనకు హాజరు ఎలా వచ్చింది? మధ్యలో పారశీకం ఉంది కాబట్టి. ఇరాన్ వాళ్ళు ఆ అక్షరాన్ని, జీమ్ మినహా దాని తోటివాటిని కలిపి ‘z’ ధ్వనిగా పలికారు. అక్కడి నుంచి అది దక్కనుకు వచ్చి తెలుగు నోట ‘జ’గా స్థిరపడింది. ‘థ’ కూడా ఇలాగే ‘స’ అయి వారసుగా మిగిలింది. రంజాన్ అన్న మాట చాలు ఈ ప్రయాణమంతా కళ్ళకు కట్టడానికి. అరబ్బుకు అది ‘రమదాన్’. ఒక మాటలో ‘జ’ ఉందా ‘ద’ ఉందా అన్నదాన్ని బట్టి అది ఏ దారిన మన ఊరికి చేరిందో చెప్పవచ్చు.

ఆ దారి కచేరీలది, దర్బారులది. కుతుబ్ షాహీల ఫర్మానాలు కొన్ని పారశీకం, తెలుగు రెండిటిలో వెలువడ్డాయి. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అన్నారు. అరబ్బీలో రాజు అనే ‘మలిక్’నూ ఇబ్రహీంనూ కలిపి చివర రాముణ్ని నిలబెట్టిన పేరది. ఆ ‘మలిక్’ ధాతువు నుంచే ‘ముల్కీ’ వచ్చింది. 1969లో పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రం దగ్గర రాజుకున్న తెలంగాణ ఉద్యమం స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల కోసమే. ఆసఫ్‌జాహీల పాలనలో 19వ శతాబ్దం చివరి దాకా పారశీకం, ఆ తర్వాత ఉర్దూ అధికార భాషలు. జిల్లా, తాలూకా, తహసీలు, రైతు, కౌలు, కిస్తు, అర్జీ, వకీలు, జామీను అన్నీ ఆ కాగితాల వెంట వచ్చిన అరబ్బీ మాటలే. సి.పి. బ్రౌన్ ఇలాంటి మాటల కోసం 1854లో ఒక ప్రత్యేక నిఘంటువే అచ్చువేయించాడు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం విజ్ఞానశాస్త్రాలను ఉర్దూలో బోధించడానికి అరబ్బీ ధాతువుల నుంచి పరిభాష తయారు చేయించింది. 1888లో హైదరాబాదులో స్థాపించిన దాయిరతుల్ మారిఫ్ అల్ బిరూనీ ఖగోళ గ్రంథాన్ని, అల్ రాజీ వైద్య గ్రంథాన్ని అరబ్బీలోనే అచ్చువేసి ప్రపంచానికిచ్చింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల సంతతి ఇప్పటికీ బార్కస్‌లో ఉంది. అయినా వాళ్ళ నోటి అరబ్బీ నుంచి తెలుగు పెద్దగా తీసుకోలేదు. మనకు అందింది కాగితపు అరబ్బీ, అదీ పారశీకం ద్వారా వచ్చినది.

సింగరేణి కంపెనీ ఆ పేరుతో 1920లో ఏర్పడి, 1945లో నిజాం ప్రభుత్వం చేతికొచ్చింది. గనిలో ఇంగ్లీషు, హిందుస్తానీ, తెలుగు కలిసి ఒక పని భాష తయారైంది. బాయి మీద ఎవరైనా ఇలా అనవచ్చు: “బదిలీ వర్కర్‌గ షురూ జేసిన. ఆఖరికి పర్మినెంటయిన. కిరాయి, బాకీ, కిస్తు పోంగ ఇంకేం మిగుల్తది?” ఇందులో బదిలీ, షురూ, ఆఖరు, కిరాయి, బాకీ, కిస్తు అరబ్బీవి. వర్కర్, పర్మినెంట్ ఇంగ్లీషువి. లెక్కకు తెలుగు తక్కువ. అయినా ఇది నూటికి నూరుపాళ్ళూ తెలుగు వాక్యం. ‘జేసిన’, ‘అయిన’, ‘పోంగ’, ‘మిగుల్తది’ అన్న క్రియలు, ‘గ’, ‘కి’ అన్న ప్రత్యయాలు, క్రియ చివర నిలిచే వరస మనవి. అరబ్బీ మాటల్లో దాదాపు ప్రతిదీ తెలుగులోకి నామవాచకంగానే వచ్చి ‘చేయు’ పక్కన నిలబడింది: రద్దు చేయు, వసూలు చేయు, జమ చేయు, జప్తు చేయు. సొంత క్రియలూ ప్రత్యయాలూ బలంగా ఉన్న భాష పరాయి మాటలకు భయపడనక్కర్లేదని నేను గట్టిగా నమ్ముతాను. తెలంగాణ మాటను ‘తురకం కలిసిన తెలుగు’ అని చిన్నచూపు చూసినవాళ్ళు ఈ వ్యాకరణాన్ని చూడలేదు. పైగా వాళ్ళు రోజూ వాడే రైతు, జిల్లా, హక్కు, కుర్చీ ఎక్కడివో వాళ్ళకు పట్టలేదు.

వ్యాకరణంలో రెండు భాషలూ దాదాపు ఎదురెదురుగా నిలుస్తాయి. గ్రాంథిక అరబ్బీలో క్రియ వాక్యం మొదట్లో వస్తుంది, మనకు చివర. మనకు ‘ఇంట్లో’, వాళ్ళకు ‘లో ఇల్లు’. మనకు ‘పెద్ద ఇల్లు’, వాళ్ళకు ‘ఇల్లు పెద్ద’. వాళ్ళకు ఏక, బహువచనాల మధ్య ద్వివచనం ఉంది. మనకున్న ‘మేము’, ‘మనం’ తేడా వాళ్ళకు లేదు. కానీ ఒక్కచోట అనుకోని పోలిక ఎదురవుతుంది. తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘రైలు వచ్చింది’. స్త్రీకీ వస్తువుకూ ఒకే క్రియారూపం. అరబ్బీలో మనుషులు కాని వాటి బహువచనానికి స్త్రీలింగ ఏకవచన క్రియ వాడతారు. వాళ్ళ వ్యాకరణం ప్రకారం ‘రైళ్ళు వచ్చింది’ అనాలి, ఆ ‘వచ్చింది’ ఒక ఆడమనిషికి వాడేదే. ఎవరి దగ్గరా ఎవరూ నేర్చుకోకుండానే, మానవేతరాన్ని స్త్రీలింగం పక్కన చేర్చే అలవాటు రెండు భాషల్లోనూ ఉంది.

అరబ్బీ రెండో రాక ఈ మధ్యది. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు లేచాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెల నుంచి మనుషులు ఆ పనులకు పోయారు, ఇంకా పోతున్నారు. ఈసారి మాటల్ని తెచ్చింది దర్బారు కాదు, తాపీ పట్టినవాళ్ళు, సెంట్రింగ్ కొట్టినవాళ్ళు, గొర్రెల్ని కాసినవాళ్ళు. ‘కఫీల్’ అంటే వీసాకు పూచీపడ్డ యజమాని. ‘కుబ్బూస్’ రొట్టె. కాగితాలు లేకుండా యజమానిని వదిలి బయటపడ్డవాడు ‘కల్లివెల్లి’. వదిలేయ్, పోనీ అనే అరబ్బీ నుడికారం మనవాళ్ళ నోట ఒక మనిషి స్థితికి పేరయింది. అన్నిటికంటే బరువైనది ‘అకామా’, అక్కడ ఉండటానికిచ్చే అనుమతి పత్రం. అరబ్బీలో ‘ఇఖామా’. అకామా లేకపోతే ఆసుపత్రికి పోవాలన్నా భయమే, ఇంటికి రావాలన్నా కష్టమే.

ఆ ఇఖామా ధాతువులో ఉన్నది నిలబడటం. నిలిచే చోటు ‘మఖామ్’, నిలిచి ఉన్నది ‘ఖాయిమ్’, నిలకడగా ఉన్న వెల ‘ఖీమత్’. అంటే మన మకాం, ఖాయం, ఖీమతు. నాలుగు వందల ఏళ్ళ కింద పల్లకీలో వచ్చిన మాటల చెల్లెలు ఇప్పుడు పాస్‌పోర్టులో అంటుకుని వచ్చింది. పాతవి మూడూ నిఘంటువుల్లో ఉన్నాయి. అకామాకూ, కఫీలుకూ, కల్లివెల్లికీ తెలుగు నిఘంటువుల్లో స్థానం ఇవ్వాలి. లక్షల కుటుంబాలు రోజూ వాడే మాటలివి, ఉత్తరాల్లోనూ ఫోన్లలోనూ కన్నీళ్ళతో పలికే మాటలు.

విదేశీ పనులకు వెళ్ళేవాళ్ళ కోసం తెలంగాణ ప్రభుత్వం పెట్టిన టామ్‌కామ్ ఉంది, ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలున్నాయి. అక్కడ అరబ్బీ చెప్పేటప్పుడు సున్నా నుంచి మొదలుపెట్టనవసరం లేదు. హక్కు, హిసాబు, దవా, ఖాళీ, ఆఖరు, సవాలు, జవాబు పోయేవాడి నోట్లో ముందే ఉన్నాయి. నేర్పవలసింది తేడాలను. అరబ్బీలో ‘ప’ లేదు, పోశం అక్కడ బోశం అవుతాడు. గల్ఫ్ నోట ‘ఖాఫ్’ చాలాచోట్ల ‘గ’ అవుతుంది; కాఫీకి పుస్తకంలో ‘ఖహ్వా’, వీధిలో ‘గహ్వా’. అరబ్బులకు రాసే భాష వేరు, మాట్లాడే భాష వేరు. మనకు గిడుగు రామమూర్తి పోరాడి తగ్గించిన ఆ దూరం వాళ్ళకు ఇంకా ఉంది. మేస్త్రీ నోటిమాటను పట్టుకున్నవాడు కూడా ఒప్పంద పత్రాన్ని చదివించుకునే సంతకం పెట్టాలి.

తెలిసిన మాటే వేరే అర్థంతో ఎదురయ్యే ప్రమాదమూ ఉంది. ‘గరీబ్’ మనకు పేదవాడు, అరబ్బుకు కొత్తవాడు, పరాయివాడు. ‘రకం’ మనకు తీరు, అక్కడ సంఖ్య. ‘రకం’ అడిగితే చెప్పవలసింది ఫోన్ నంబరో కార్డు నంబరో. వీటికంటే జాగ్రత్తగా వినవలసినది ‘మాఫీ’. తెలంగాణ రైతు కొడుక్కి మాఫీ అంటే బాకీ కొట్టేయడం. రుణమాఫీ ఊరూరా తెలిసిన మాట. ఆ మాఫీలో, మనకు వినపడకుండా పోయిన ‘అయిన్’ అనే గొంతు లోపలి హల్లు ఒకటుంది, అరబ్బులు దాన్ని స్పష్టంగా పలుకుతారు. గల్ఫ్‌లో రోజూ వినపడే ‘మాఫీ’లో ఆ హల్లు ఉండదు. అది ‘మా’, ‘ఫీ’ అన్న రెండు మాటలు, కలిపితే ‘లేదు’ అని. నెలాఖరున యజమాని ‘ఫులూస్ మాఫీ’ అంటే అప్పు కొట్టేశాడని కాదు. ఈ నెల జీతం డబ్బులు లేవని.